టైరు మీది అంకెలు

మా తమ్ముని పికప్ బండి టైర్లు మామిడికాయల బరువులు మోసి మోసి, గాడుల నడుమనుండు 1.6 మిల్లీమీటర్ల హద్దుగుర్తు వరకు అరిగిపోయినవి. దుకాణదారు తక్కువ వెలకు ఒక జత చూపి, "కొత్తవే పంతులుగారూ" అన్నాడు. ఆ నిగనిగ చూచి నేను సరేనంటిని.

తమ్ముడు వంగి, టైరు ప్రక్కభాగమున 1419 అను అంకెలపై వ్రేలుంచినాడు. "2019లో పద్నాలుగో వారం తయారీ అన్నయ్యా. వాడకపోయినా రబ్బరు బిరుసెక్కుతుంది. బరువుతో ఎండలో పోతే పగిలిపోవచ్చు."

ముప్పదేండ్లు అక్షరములు దిద్దించిన నాకు ఆ నాలుగంకెలు చదువరాలేదు. చదివినవాడు, నేను మొద్దువని తిట్టగా ఎనిమిదవ తరగతిలోనే బడి మానినవాడు.

బండి మోయు బరువుకు తగిన, క్రొత్తగా తయారైన టైర్లే కొంటిమి. పైకమంతయు నేనే ఇచ్చితిని. ఆనాటి మాటకు క్షమాపణ మాత్రము ఇంకను నోట రాలేదు.