గది అద్దె

నాన్నగారి తుంటి ఎముక విరిగినప్పుడు, రాత్రిళ్ళు అమ్మ కూడా నడుం వాల్చడానికి వీలుంటుందని రోజుకు 6,000 రూపాయల గది తీసుకున్నాను. మా 3 లక్షల పాలసీలో గది అద్దెకు పరిమితి 1 శాతం, అంటే 3,000. మించిన అద్దె మేము కట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. ఎంత అమాయకత్వం! గది అద్దె పరిమితికి రెట్టింపైతే వైద్యుల రుసుమునూ, ఆపరేషన్ థియేటర్ ఖర్చునూ కూడా సగానికి తగ్గిస్తారట. ఆ పద్దుల కింద 80,000 కాస్తా 40,000 అయింది. వృద్ధుల పాలసీ కనుక అందులోనూ 20 శాతం మా వాటాయే. చివరికి వాళ్ళిచ్చింది 32,000. మందులకు ఈ సగం కోత లేదు. చేతి తొడుగులకైతే అసలు పైసా రాలేదు.

నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితమంతా చదివారు.

"గది వల్లనని మీ అమ్మతో మాత్రం అనకురా" అన్నారు.