తైలసంస్కారం లేని జుట్టు

పాత తెలుగు కథల్లో పేదవాడు ప్రవేశించే తీరు ఒకటి ఉంటుంది. మాసిన బట్టలు, గుంటలు పడిన కళ్ళు, తైలసంస్కారం లేని జుట్టు. ఈ మూడో మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. తలకి నూనె రాసుకోవడం 'సంస్కారం' అయింది. నూనె కొనలేనివాడు సంస్కారం లేనివాడయ్యాడు. గిద్దెడు నూనె ధరెంతో ఆ కథలో ఎక్కడా ఉండదు, జుట్టు మాత్రం మొదటి పేరాలోనే ఉంటుంది. 'తలకు మాసినవాడు' అనే తిట్టూ అలాంటిదే. నీళ్ళు అందకపోవడాన్ని మనిషి నేరం చేసే తిట్టు అది.

ఈ వారం జుట్టు గురించే రాస్తున్నాను. ఉద్యమం వదిలేసి బ్యూటీ టిప్స్‌లోకి దిగిందేమిటి అని సీనియర్ మిత్రులు కొందరు అనుకోవచ్చు. అనుకోనివ్వండి. మా కాలేజీలో సెకండియర్ అమ్మాయి, హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల, స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే పార్లర్‌కి పోయి నాలుగు వేలు పెట్టి స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది. ఎందుకమ్మా అంటే, "నాది బ్యాడ్ హెయిర్ మేడం" అంది. జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది.

ఆ 'బ్యాడ్' అనే మాటలో మూడు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన వంకీ ఒకటి. నీళ్ళూ, సబ్బూ, తిండీ చేసిన నష్టం రెండోది. ఊరూ బడీ కలిసి పెట్టిన పేర్లు మూడోది. మొదటిదాన్ని గుర్తుపట్టాలి. రెండోదాన్ని బాగుచేసుకోవాలి. మూడోదాన్ని వదిలించుకోవాలి. మన పిల్లలు చాలామంది మూడోదానికి రాయాల్సిన మందుని మొదటిదాని మీద రాసుకుంటున్నారు. నాలుగు వేలు పోయేది అక్కడే.

ముందు పేర్ల సంగతి చూద్దాం, అది నా సబ్జెక్టు కాబట్టి. పీహెచ్‌డీ కోసం చదివిన కావ్యాల నిండా జుట్టే. అలివేణి, నీలవేణి, కుటిలకుంతల. ఆడమనిషికి పర్యాయపదాలే జుట్టులోంచి పుట్టాయి. కుటిలం అంటే వంకర. అలకలు అంటే వంకీలు తిరిగిన ముంగురులు. అంటే మన కవులు వంకీల జుట్టుని నెత్తిన పెట్టుకుని ఊరేగారు. అదే వంకీ మా పల్లె పిల్ల తల మీద ఉంటే బళ్ళో దాని పేరు పీచు. వెంట్రుక మారలేదు, తల మారింది.

నాది బిగుతైన ఉంగరాల జుట్టు. బళ్ళో నా పేరు పీచుమిఠాయి. పీజీ అయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో చేరిన కొత్తలో ప్రిన్సిపాల్ పిలిచి, "రేపు పేరెంట్స్ వస్తున్నారు మేడం, కొంచెం జుట్టు దువ్వుకుని రండి" అన్నాడు. ఆ రోజు నేను తలంటుకుని, దువ్వుకుని, జడేసుకునే వచ్చాను. ఎంత దువ్వినా దువ్వినట్టు కనబడని జుట్టుకి శుభ్రత సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరని ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు రీల్స్‌లో ఒక పట్టిక తిరుగుతోంది. 1ఏ నుంచి 4సీ దాకా. మా పిల్లలు "మేడం నాది 3బి" అని రక్తం గ్రూపులా చెప్తున్నారు. దాని మూలం అమెరికా. ఓప్రా విన్‌ఫ్రీకి కేశాలంకరణ చేసిన ఆండ్రే వాకర్ అనే నల్లజాతి నిపుణుడు 1990లలో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఒకటి అంటే సాఫుగా ఉండేది, రెండు అలలు, మూడు ఉంగరాలు, నాలుగు బిగుతు చుట్టలు. పక్కనున్న అక్షరం ఆ వంకీ ఎంత బిగుతో చెప్తుంది. తర్వాత వాడేవాళ్ళు మరికొన్ని మెట్లు చేర్చారు. పనికొచ్చే పట్టికే. కానీ అందులో సాఫు జుట్టుది ఒకటో నంబరు, చుట్టల జుట్టుది ఆఖరి నంబరు అనేది గమనించండి. నంబర్లు కొలతలు మాత్రమే, ర్యాంకులు కావు. మనకి ఇంతకంటే మంచి మాటలే ఉన్నాయి: సాఫు జుట్టు, నొక్కుల జుట్టు, ఉంగరాల జుట్టు, చుట్టల జుట్టు.

జుట్టుని ర్యాంకుగా మారిస్తే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూసింది. వర్ణవివక్ష రోజుల్లో అక్కడ 'పెన్సిల్ టెస్ట్' ఉండేది. జుట్టులో పెన్సిల్ గుచ్చితే జారి కిందపడితే ఒక జాతి, నిలబడిపోతే ఇంకో జాతి. ఒకే ఇంట్లో పిల్లలు వేరువేరు జాతులుగా నమోదైన సందర్భాలున్నాయి. ఇక్కడ బ్రిటిష్‌వాళ్ళు అదే పని ముక్కులు కొలిచి చేశారు. ఆ ముక్కు కొలతలనే తీసుకుని అంబేడ్కర్ 1948 నాటి 'ది అన్‌టచబుల్స్'లో తిప్పికొట్టాడు. బ్రాహ్మణుడిదీ అంటరానివాడిదీ వేరువేరు జాతులని ఆ కొలతలు చెప్పడం లేదని చూపించాడు. కాబట్టి ఫలానా జుట్టు ఫలానా కులం అని ఎవరైనా అంటే, మనవాళ్ళే గర్వంగా అన్నా సరే, నమ్మకండి. వెంట్రుక మొలిచే కుదురు వంపుని బట్టి వంకీ వస్తుంది. ఆ వంపుని చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. మా అక్కది సాఫు జుట్టు, నాది ఉంగరాలు. ఇద్దరం ఒక్క తల్లి పిల్లలమే.

ఇక మీ జుట్టు ఏదో తెలుసుకోండి. ఖర్చు లేదు, ఒక ఆదివారం చాలు.

తలస్నానం చేసి, నూనె రాయకుండా, దువ్వకుండా, నీడలో ఆరనివ్వండి. అప్పుడు అద్దంలో కనబడేదే మీ అసలు జుట్టు. ఉంగరాల జుట్టుని ఆరాక దువ్వితే ఉంగరాలు విడిపోయి ఉబ్బి, పీచులా లేస్తుంది. 'నాది పీచు జుట్టు' అనుకునే చాలామందికి ఉన్నవి ఉంగరాలే. వాళ్ళు దువ్వే వేళ తప్పు, అంతే.

తర్వాత ఒక వెంట్రుక తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. ఉన్నట్టే తెలియకపోతే సన్నం. కుట్టుదారంలా తగిలితే బిరుసు. బిరుసు అంటే చెడు అని కాదు, లావు అని.

మూడోది ఒత్తు. పాయ తీయకుండానే మాడు కనబడుతుంటే పలచన, పాయ తీసినా కష్టంగా కనబడితే ఒత్తు. సన్నని వెంట్రుకలు ఒత్తుగా ఉండొచ్చు, లావు వెంట్రుకలు పలచగా ఉండొచ్చు. రెండూ కలిపేయకండి.

నాలుగోది నీరు పీల్చే గుణం. శుభ్రమైన పొడి జుట్టు మీద నీళ్ళు చిలకరించండి. చుక్కలు ముత్యాల్లా నిలబడితే నీరు త్వరగా లోపలికి పోదు. వెంటనే ఇంకిపోతే పీలుస్తుంది, అంత త్వరగానూ ఎండిపోతుంది. రంగులు, స్ట్రెయిటెనింగ్, ఎండ తిన్న జుట్టు ఎక్కువగా ఈ రెండో రకం. గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి మునిగిందా తేలిందా అని చూసే రీల్‌ని పట్టించుకోకండి. కాస్త జిడ్డున్నా వెంట్రుక తేలుతుంది.

ఐదోది మాడు. జిడ్డు మాడా, పొడి మాడా అనేది వంకీతో సంబంధం లేకుండా చూసుకోవాలి. ఎన్నాళ్ళకోసారి తలంటుకోవాలో మాడు చెప్తుంది. ఎలా దువ్వాలో, ఏం రాయాలో వెంట్రుక చెప్తుంది. షాంపూ కుదుళ్ళకి, కండిషనర్ కొసలకి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయినట్టే.

సాఫు జుట్టులో మాడు జిడ్డు సులువుగా కిందికి జారుతుంది. అందుకే రెండో రోజుకే అంటుకుపోతుంది. వీళ్ళకి నూనె తక్కువ, తలస్నానం తరచుగా. ఉంగరాల మలుపుల్లో ఆ జిడ్డు కిందికి దిగలేదు. మాడు జిడ్డుగానూ కొసలు ఎండుగానూ ఉంటాయి. వీళ్ళకి వారానికి ఒకటి రెండుసార్లు తలస్నానం చాలు, కండిషనర్ తప్పనిసరి. కండిషనర్ జుట్టుకున్నప్పుడే, తడిమీదే, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. తడి వెంట్రుక బలహీనంగా ఉంటుంది కాబట్టి తొందర వద్దు. సాఫు జుట్టువాళ్ళు కాస్త ఆరాక దువ్వుకోవడమే మేలు. తువ్వాలుతో రుద్దకండి, పాత నూలు చీర ముక్కతో అద్దండి. కండిషనర్ కొనలేకపోతే మందారాకు నలిపి తీసిన జిగురు వెంట్రుకలకి జారుడునిస్తుంది.

చిక్కు తీసుకోవడం మన ఆడపిల్లలకి అందం ఒక్కదాని విషయం కాదు. వంకీల జుట్టు వారాల తరబడి దువ్వకపోతే, రాలిన వెంట్రుకలు లోపలే ఇరుక్కుని, చెమటా దుమ్మూ పట్టి అట్టకడుతుంది. కర్ణాటక, మహారాష్ట్రల్లో ఆ అట్టకట్టిన జుట్టునే ఎల్లమ్మ పిలుపుగా చూపించి దళిత ఆడపిల్లల్ని దేవదాసీలుగా వదిలారు. తెలంగాణ జోగినీలూ మన ఇళ్ళ పిల్లలే. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఒక దువ్వెన, ఒక చెంబు నీళ్ళు, ఓపికున్న ఒక చెయ్యి. ఇవి లేనిచోట దేవత పేరు చెప్పి మనిషి దిగుతాడు.

ఇప్పుడు రెండో సంగతి, నష్టం. మాది ప్రకాశం జిల్లా. అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పోయేది. నెత్తికి గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి జుట్టు నిండా పొగాకు దుమ్మే. ఆదివారం ప్రార్థనకి ముందు బట్టలుతికిన సబ్బుతోనే తల రుద్దుకునేది, ఒక ఖర్చుతో రెండు పనులు. సబ్బు క్షారం, జుట్టు కొంచెం ఆమ్లగుణంలో ఉంటేనే దాని పైపొర మూసుకుని నునుపుగా ఉంటుంది. పైగా మా బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ గట్టినీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి అవుతుంది. బకెట్టు అంచుకి పట్టేది అదే, జుట్టుకి పట్టేదీ అదే. అమ్మ జుట్టు బిరుసెక్కింది వంశం వల్ల కాదు, ఆ మడ్డి వల్ల.

హాస్టల్ బోరునీళ్ళకి నేను చెప్పేది ఇదే. తలకి సబ్బు వద్దు. షాంపూ పాకెట్టుని మగ్గు నీళ్ళలో కలిపి పోసుకోండి. కుంకుడుకాయ గట్టినీళ్ళలో మడ్డి కట్టదు. కానీ జిడ్డంతా లాగేస్తుంది, ఉంగరాల జుట్టుకి వారానికోసారి మించి వద్దు. దొరికితే ఆఖరి చెంబు వాననీళ్ళు పోసుకోండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి మాంసకృత్తు పోకుండా కొంత ఆపుతుంది. తలస్నానానికి ముందు కొసలకి రాయండి. చుండ్రు ఉంటే మాత్రం మాడుకి నూనె వద్దు. చుండ్రు వెనకున్న శిలీంధ్రానికి ఆ జిడ్డే తిండి. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగైదు నిమిషాలు ఉంచి కడగండి.

రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. అంతకంటే రాలుతుంటే నూనె మార్చే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. రెండు మూడు నెలల కింద టైఫాయిడ్, డెంగ్యూ లాంటి గట్టి జ్వరం వచ్చిందా? అలా రాలినవి సాధారణంగా మళ్ళీ వస్తాయి. రక్తం తక్కువగా ఉందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. సర్కారు దవాఖానాకి పోయి హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఐరన్ లేని ఒంటికి ఏ సీరమూ జుట్టు మొలిపించదు.

స్ట్రెయిటెనింగ్ గురించి. ఇస్త్రీ పెట్టెలాంటి మెషీన్‌తో సాఫు చేస్తే తల తడిసేదాకే. పార్లర్‌లో రసాయనంతో చేసేది వెంట్రుక లోపలి గంధకపు బంధాల్ని తెంచి కొత్త ఆకారంలో బిగిస్తుంది. కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో చేసేవాటిలో కొన్ని వేడికి ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతాయి. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. పీల్చేది మీరొక్కరే కాదు, రోజంతా అక్కడ నిలబడి చేసే అమ్మాయి కూడా. ఇంతా చేస్తే జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, పెరిగేది వంకీగానే పెరుగుతుంది. కుదురు ఎవరి మాటా వినదు. ఇష్టపడి చేయించుకుంటే మీ ఇష్టం. సిగ్గుపడి మాత్రం చేయించుకోకండి.

మగపిల్లలూ, ఇది మీకూ సంబంధించిందే. మా నాన్న తరానికి ఊళ్ళో క్రాపు కొట్టేవాళ్ళు లేరు. కొట్టే మనిషి ఉన్నాడు, మా తల ముట్టుకుంటే ఆయన బతుకు ఊళ్ళో సాగదు. ఆయన కత్తి మీద కూడా పెత్తందార్లదే పెత్తనం. అందుకే పల్లెలో ఒకరికొకరు కొట్టుకున్నారు. నేను చదివిన హాస్టల్లోనైతే పేల పేరు చెప్పి, ఒక ఆదివారం వరసలో నిలబెట్టి అందరికీ ఒకే కత్తెరతో చెవుల దాకా కత్తిరించారు. కుళాయికి నీళ్ళు వదిలి, తలా ఒక పేలదువ్వెన ఇచ్చి ఉంటే సరిపోయేది. నీళ్ళ కంటే కత్తెర చవక.

అందుకే చివరగా ఒక పని. సంక్షేమ హాస్టళ్ళలో ఉండే పిల్లలకి కాస్మెటిక్ చార్జీలని ప్రభుత్వం ఇస్తుంది. నూనె, సబ్బు, షాంపూ, క్రాపు కోసం. అవి మీకు నెలనెలా అందుతున్నాయా, ఎన్ని నెలలవి రావాలి, రేపే వార్డెన్‌ని అడగండి. బాకీ ఉంటే కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. అది దానం కాదు, మన హక్కు. వచ్చిన డబ్బులో ముందు ఒక వెడల్పు పళ్ళ దువ్వెన కొనుక్కోండి.

జై భీమ్.