మంచినీళ్ల దోమ

మా నాయిన చేతుల వాసన నాకింకా యాదికుంది. అన్నం కలిపినా, నా నెత్తి నిమిరినా దోమల మందు వాసనే. బంజారా హిల్స్ గుట్టల నడుమ నాలాల పొంట, కుంటల పొంట వీపున పంపు వేసుకుని మందు కొట్టేది ఆయన పని. రోజు కూలి. ఊళ్లో మాదిగోన్ని డప్పు కొట్టమన్నారు, పట్నం మందు కొట్టమన్నది. కొట్టుడు మాత్రం తప్పలేదు.

మా బస్తీ నాలా ఒడ్డున. పైనున్న బంగ్లాల మురుగు మా గుమ్మాల ముందు నుంచే దిగేది. దోమలు పెరిగితే మాత్రం బస్తీ లేపేయాలనేవాళ్లు. మురుగు వాళ్లది, మురికోళ్లన్న పేరు మాది.

అవ్వ పై రోడ్డులో ఒక బంగ్లాల అంట్లు తోమేది. తెల్లారి పోతే పొద్దుగూకినంక వచ్చేది. ఆమె చాయకు వేరే స్టీలు గ్లాసు. పెరట్ల కిటికీ మీద బోర్లించి ఉండేది. 2009 వానాకాలం ఆ ఇంటి బాబుకు డెంగీ వచ్చింది. "నాలా కాడి రోగం మా ఇంట్లకు తెచ్చినవ్, రేపట్నించి రాకు" అన్నది అమ్మగారు. అదే వారం అవ్వ కూడా జ్వరంతో పడింది. నెల జీతానికి నేను పోతే గేటు తియ్యలేదు.

నాలుగు రోజులకు నాయిన్ను ఆ బంగ్లాకే మందు కొట్ట పంపిండ్రు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. సాయంగా వెంట పోయిన. నాయిన నాలా దిక్కు పోలేదు. పూలకుండీల కింది పళ్లాలు లేపి చూసిండు. కిటికీ మీది అవ్వ గ్లాసుతో ఒక పళ్లెంలో నీళ్లు ముంచి నాకు చూపిండు. తేటనీళ్లు. అందులో తలకిందులుగా వేలాడుతూ పిల్లపురుగులు.

"నాలాల పుట్టేది క్యూలెక్సు బిడ్డా, అది రాత్రి కుడుతది. డెంగీ దోమ ఏడిస్. కాళ్లకు తెల్లచారలు, దానికి నిలువున్న మంచినీళ్లు కావాలె. పగలు కుడుతది. దూరం ఎగరదు" అన్నడు.

పగలంతా అవ్వ ఉన్నది ఎవరింట్ల? ఎవరు ఎవరికి తెచ్చినట్టు?

నాయిన పళ్లాలు వొంపి పీచుతో గట్టిగ రుద్దిండు. గుడ్లు అంచులకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతయట. "పొగ కొట్టవయ్యా!" అని మేడమీది నుంచి కేక. పొగ ఎగిరే దోమనే చంపుతది, నీళ్లలో పిల్లను కాదు. కానీ పొగ కనబడుతది, రుద్దుడు కనబడదు.

"అమ్మగారికెందుకు చెప్పలే?" అని రాత్రి కొట్లాడిన. "చెప్తే ఉన్న కూలి పోతది" అన్నడు.

మా గుట్టలకు దగ్గరే బేగంపేట. అక్కడే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిండు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనానికి ఆయన పేరుంది. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా లెక్కన ఇచ్చిండ్రు. ఆ పేరు మీలో ఎంతమంది విన్నారు?

మా తప్పు లేదని అనను. నల్లా రోజూ రాకపోతే డ్రముల్లో నీళ్లు పట్టి పెట్టుకుంటం. మూత లేకుంటే ఏడిస్ మా ఇంట్లోనూ పుడుతది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. అందుకే నాయిన ప్రతి శుక్రవారం డ్రములు ఖాళీ చేసి, రుద్ది, ఎండబెట్టించేవాడు. నేనూ అదే చేస్తున్నాను. కానీ బంగ్లాల పళ్లాలు ఎవరు లేపాలె?

ఆ రోజు ఆ గ్లాసు నేను ఇంటికి తెచ్చుకున్న. బస్తీ పిల్లలకు పిల్లపురుగులు చూపెట్టాలంటే దాంట్లోనే ముంచి చూపిస్తాను. ఆ ఇంట్ల అవ్వకు వేరే గ్లాసు పెట్టిండ్రు గానీ దోమ పెట్టలేదు. బాబు నెత్తురూ అవ్వ నెత్తురూ ఒక్క ముల్లుతోనే తాగింది.