వయసడిగే ప్రోగ్రాములు

మనిషి కనబడగానే వయసెంతో కనుక్కుని, దాన్నిబట్టి ఆ మనిషికి ఏం చేతనవునో తేల్చేసేవాళ్లని మీరూ చూసే ఉంటారు. "డెబ్భై దాటాయిగదా, ఇంకా ఆవకాయ మీ చేత్తోనే కలుపుతున్నారా?" అంటారు. ఆవకాయ సంగతి కావాలంటే ఆవకాయ సంగతే అడగొచ్చుగదా! కంప్యూటర్లలోనూ ఈ రకం ఉన్నాయండీ. పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం కనక, వాటితో నాకు రోజూ సహవాసమే.

ఓపిగ్గా వింటానంటే వంటింటి భాషలోనే చెబుతాను. లినక్స్‌కి నడిబొడ్డున కెర్నెల్ అని ఒకటుంటుంది. తాళాల గుత్తి బొడ్లో దోపుకున్న పెద్దావిడ అనుకోండి. ఫైలు తెరవాలన్నా, కాపీ చెయ్యాలన్నా ఆవిడనే అడగాలి. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. పైథాన్ మనకీ ఆవిడకీ మధ్య కబుర్లు మోసే పిల్ల. పెద్దావిడేమో కొత్త పనులు నేర్చుకుంటూనే ఉంటుంది. ఫైలుని తన చేతుల మీదుగానే కాపీ చేసిపెట్టే 'కాపీ ఫైల్ రేంజ్' అనే పని ఆవిడకి 2016లో, 4.5 వెర్షన్‌తో వచ్చింది. పిల్లకి ఆ కబురు మొయ్యడం వచ్చింది 2019లో, పైథాన్ 3.8తో. ఇద్దరూ ఒకేసారి ఎదగరు, చిక్కంతా అక్కడే.

మా పెద్దనాన్నగారు లెక్కల మేష్టారు. 58 నిండగానే దండవేసి ఇంటికి పంపేశారు. ఆయన ఊరుకోలేక ఊళ్లోనే ఓ ఉచిత బడి నడుపుతున్నారు. అక్కడో పాత కంప్యూటరు, కెర్నెల్ 3.10. పిల్లల మార్కులూ, సర్టిఫికెట్లూ అన్నీ దాన్లోనే. ఈమధ్య దాని డిస్కు పిల్లికూనలా కుయ్‌మంటోంది. అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తియ్యమని ఎవరో రాసిన ప్రోగ్రాం ఒకటి నడిపితే, మొదటి వరసలోనే "కెర్నెల్ 4.5 కన్నా పాతది, వీలుకాదు" అని మొహం మీద తలుపేసింది. కొత్త కంప్యూటరు కొనమని సలహా చెప్పినవాళ్లూ ఉన్నారు. డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నంబర్ని నమ్ముకుంటే ఏమవుతుందో చెబుతాను. 2011లో కెర్నెల్ 2.6.39 నించి తిన్నగా 3.0కి దూకింది. పేరు మార్పేగానీ పెద్ద విశేషమేమీ లేదు. అప్పటిదాకా తనున్న ఊరు 'లినక్స్2' అని చెప్పే పైథాన్, కొత్త కెర్నెల్ మీద తయారైనచోట 'లినక్స్3' అంది. 'లినక్స్2'నే వెతికే ప్రోగ్రాములు ఇది మన ఊరే కాదని కూచున్నాయి. 2012లో పైథాన్ 3.3 వచ్చి ఆ అంకె పీకేస్తేగానీ గొడవ సద్దుమణగలేదు. కెర్నెల్ వాళ్లయితే, అవసరమైనప్పుడు "నేను 2.6నే" అని చెప్పుకునే వీలు కూడా 3.1లో పెట్టారు. వయసు తగ్గించి చెప్పేవాళ్లని చూశాంగానీ, పెంచి చెప్పుకునేదాన్ని నేను ఇక్కడే చూశాను! పైగా రెడ్‌హ్యాట్ వాళ్లు పాత నంబరు అలాగే ఉంచి లోపల కొత్త పనులు నేర్పుతారు. పాత చీరకి కొత్త అంచన్నమాట.

నంబరు సరిగ్గా ఉన్నా గ్యారంటీ లేదు. 4.5 దాటినా, 5.3 వచ్చేదాకా ఈ పని ఒక ఫైల్ సిస్టమ్ నించి ఇంకోదానికి కాపీ చెయ్యనంది. 5.3లో సరేనంది. 2022లో 5.19 వచ్చేసరికి, రెండూ ఒకే జాతివి కాకపోతే మళ్లీ కుదరదంది. డిస్కుదొక జాతీ, పెన్‌డ్రైవుదొక జాతీ అయితే కొత్త కెర్నెలూ చేతులెత్తేస్తుంది. అంటే 4.5 ఉందా అని నిలదీసిన ఆ ప్రోగ్రాం, ఉన్నచోట కూడా బోర్లాపడేదే.

అందుకని నేను ఆ మొదటి వరస కొట్టేశాను. ముందు పైథాన్ పిల్లకి ఆ మాట వచ్చా అని చూస్తాను. వస్తే కెర్నెల్ని అడుగుతాను. "అలాంటి పనే తెలీదు" అన్నా, "ఆ ఇంటికి నేను వెళ్లను" అన్నా, పాత పద్ధతే: కొంచెం చదవడం, కొంచెం రాయడం. ఇది నా తెలివేం కాదు. పైథాన్ కూడా తన అవసరానికి యాదృచ్ఛిక అంకెలు కావలసినప్పుడు ఇదే చేస్తుంది. 2014లో కెర్నెల్ 3.17తో వచ్చిన 'గెట్ ర్యాండమ్'ని అడుగుతుంది. అది తెలీదంటే వెనకటి 'యూర్యాండమ్' ఫైలు తెరిచి చదువుకుంటుంది. అయితే వచ్చిన జవాబుని శ్రద్ధగా చదవాలి. డిస్కు నిండిపోయిందన్నప్పుడు కూడా వేరే దారి వెతకబోతే అది మూర్ఖత్వమే.

పెద్దనాన్నగారి మిషన్‌లో పిల్లకే ఆ మాట రాలేదు. పాత పద్ధతిలోనే, మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా, నింపాదిగా కాపీ చేసింది. ఆయన పక్కనే కూచుని, ఒక్కో ఫైలు పేరు తెరమీద కనబడినప్పుడల్లా ఆ పిల్లో పిల్లాడో ఇప్పుడెక్కడున్నదీ చెబుతూ పోయారు. ఒక పేరు దగ్గర మాత్రం, "వీడికి భిన్నాలు ఎంత చెప్పినా రాలేదమ్మా" అన్నారు.