ఉప్పుటేరు ఎవరు తవ్వారు?

మమ్మల్ని చూసి ఏ ఊరు అని అడుగుతారు. ఏలూరు అంటాం. అది కాదు, అసలు ఎక్కణ్నించి వచ్చారు అని మళ్లీ అడుగుతారు. తంగెళ్లమూడి అంటాం. నవ్వుతారు. వాళ్లకు కావలసింది అరబ్బు దేశమో, పర్షియానో, కనీసం హైదరాబాదో. 1992 డిసెంబరుకు ముందు ఆ ప్రశ్నలో ఆరా మాత్రమే ఉండేది. ఆ తర్వాత సోదా మొదలైంది.

మా దాదా తివాచీలు నేసేవాడు. ఇంట్లో ఖాలీన్ అనేవాళ్లం, బజార్లో తివాచీ అనేవాళ్లం. ఒకటే వస్తువు, రెండు నోళ్లు. ఏలూరు తివాచీ పర్షియా నుంచి వచ్చినవాళ్లు నేర్పిన విద్య అంటారు. కావచ్చు. కానీ మా దాదా ఉన్ని తడిపింది తమ్మిలేరు నీళ్లతోనే. ఆ తమ్మిలేరు మా ఊరు దాటి కొల్లేట్లో కలుస్తుంది. మా నీళ్లు రోజూ వెళ్లే చోటికి మేం మాత్రం ఎన్నడూ వెళ్లలేదు.

మా అమ్మాయికి బళ్లో ‘మా జిల్లా చరిత్ర’ రాసుకు రమ్మన్నారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కైకలూరు మండలం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకొచ్చింది. అందులోని కొల్లేటికోట రాత్రికి రాత్రే మా జిల్లా అయిపోయింది. దాన్నెవరూ నువ్వు ఎక్కణ్నించి వచ్చావని అడగలేదు. సరే పద, చూసొద్దామన్నాం. మా అమ్మీ కూడా బురఖా సర్దుకుని బయల్దేరింది.

కైకలూరు దాటాక ఆటోలో వెళ్తుంటే రెండు వైపులా చేపల చెరువులే. కొల్లేరేదని పిల్ల అడిగింది. చూపించడానికి వెతుక్కోవలసి వచ్చింది. 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని చెరువుగట్లు కొట్టేశారు. గట్లు పోయినచోట కూలి పోయినవాళ్లూ ఉన్నారు. కొట్టిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. సర్కారు కాలువ దగ్గర దిగాం. సర్కారు! ఆ మాట ఫారసీ నుంచి వచ్చింది. 1766లో నిజాం ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పిన సీమల్లో ఏలూరు సర్కారు ఒకటి. మాటకు పౌరసత్వం దొరికింది. మాట తెచ్చినవాళ్లకే ఇంకా దొరకలేదు.

కొల్లేటికోట చిన్న ఊరు. చుట్టూ నీళ్లు, మధ్యలో పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణంలో జాతరకి జనం విరగబడతారట. మేం వెళ్లిన రోజు మాత్రం ఖాళీ. అమ్మీ బయట చెట్టు కింద కూర్చుంది. దోనె ఒడ్డుకు లాగి వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయన పిల్ల చేతిలో నోటుబుక్కు చూసి దగ్గరకొచ్చాడు.

“కత కావాలా పాపా? రాసుకో. ఇది గజపతుల కోట. తురకలు దండెత్తొచ్చి అదిగో, ఆ చిగురుకోట దగ్గర దిగారు. చుట్టూ నీళ్లాయె, కోటలోకి ఎలా వస్తారు? అందుకని కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోయేలా కాలవ తవ్వారు. అదే ఉప్పుటేరు. కోట నిలవాలని సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడు. అందుకే దానికి పేరంటాల కనుమ అని పేరు.”

పిల్ల రాస్తూ రాస్తూ ఆగింది. మా వైపు తిరిగి మెల్లగా అడిగింది: “అబ్బా, తురక బోలేతో హమీచ్ క్యా?”

తురకలంటే మనమేనా? ఏం చెప్పాలి? ఇన్నేళ్లు పత్రికల్లో కలం పట్టిన మాకు ఒక్క వాక్యం దొరకలేదు. మనం కాదు అంటే ఎవరినో వదిలేసినట్టు. అవును అంటే చెయ్యని తప్పుకు తల వంచినట్టు. ఆ బలైన పిల్ల పేరైనా కథలో లేదు. ఆమెను చంపింది తురకలు కూడా కాదు. అయినా కథ విన్నవాళ్ల చూపు మా మీదికే వస్తుంది.

నేలను చదివినవాళ్లు వేరే కథ చెబుతారు. ఒకప్పుడు ఇదంతా సముద్రం ఒడ్డు కయ్య. కృష్ణా గోదావరులు ఒండ్రు పోసి పోసి డెల్టాల్ని ముందుకు తోశాయి. సముద్రం వెనక్కి జరిగింది, కొల్లేరు మధ్యలో చిక్కుకుంది. నీళ్లు బయటికి పోవడానికి మిగిలిన దారి ఉప్పుటేరు. సైన్యం పారలతో అయ్యే పని కాదది. ఇక్కడి వడ్డి కులపోళ్లు తమ పెద్దలు ఒరిస్సా సైన్యంతో వచ్చారని చెప్పుకుంటారు. అంటే ముట్టడించినవాళ్లూ బయటివాళ్లే, కాపు కాసినవాళ్లూ బయటివాళ్లే. ఒకరికి కొల్లేరు ఊరైంది. ఇంకొకరు ఇంకా దండెత్తుతూనే ఉన్నారు!

ఇంతలో పెద్దాయన అమ్మీ బురఖా చూశాడు. వల పక్కన పెట్టేశాడు.

“అయ్యో, మీరు సాయిబులా అండీ? ఏమనుకోకండి సాయిబుగారూ, మా తాత చెప్పింది చెప్పాను.”

“మీరేం తప్పు చెప్పలేదు” అన్నాం. కానీ గొంతు పొడిబారింది.

అమ్మీ అడిగింది: “మీ ఊళ్లవైపు పీర్లు ఎత్తేవాళ్లు కాదా భాయ్?”

“ఎందుకెత్తరమ్మా! మా అమ్మ బిందెల్తో నీళ్లు వారబోసేది. నిప్పుల గుండం మేమే తొక్కేవోళ్లం. నా కాలికి మచ్చ కూడా ఉంది.” పంచె ఎత్తి చూపించాడు. “ఇప్పుడెవరూ ఎత్తట్లేదు లెండి.”

“మరి పాపకి ఆ కథ చెప్పలేదేం?” అన్నాం.

ఆయన కాసేపు నీళ్లకేసి చూశాడు. “ఆ కత ఎవరూ అడగరండీ” అన్నాడు.

తప్పు ఆయనొక్కడిదే కాదు. మేం కూడా అడగలేదు. మా చరిత్రంటే గోల్కొండే అనుకున్నాం, చార్మినారే అనుకున్నాం. కొల్లేటి బురదలో మా అడుగులు వెతకలేదు. ఆ ఖాళీలోనే వాళ్లు మా కోసం ఒక సైన్యాన్ని నిలబెట్టారు.

తిరుగు బస్సులో పిల్ల మళ్లీ అడిగింది, ఏం రాయను అని. అన్నీ రాయమన్నాం. తురకలు కాలవ తవ్వారన్న కథ రాయి. నదులు తవ్వాయన్నది రాయి. ఆ తాత కాలి మీద మచ్చ రాయి. నీ ముత్తాత నేసిన ఖాలీన్ రాయి. రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసింది. పైన ‘మా జిల్లా చరిత్ర’ అని పెట్టి, ‘మా’ కింద రెండు గీతలు గీసింది.

రేపు బళ్లో ఇస్తుంది. మేష్టారు ఏమంటారో చూడాలి.