విరగాల్సిన చోట

పొయ్యి మీద వెడల్పాటి గిన్నెలో నీళ్లు సలసలా కాగుతున్నాయి. మా మేనల్లుడు విమానాన్ని తోక పట్టుకుని తలకిందులు చేసి, చితికిపోయిన ముక్కును ఆ నీళ్లలో ముంచాడు. ముంచి, లోలోపల అంకెలు లెక్కపెడుతున్నాడు. పదిహేను దాటేసరికి ముక్కు మీది ముడతలు ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలైంది. సొట్టపోయిన చోటు మెల్లగా పైకి లేచింది. అట్లకాడ చేతిలో పట్టుకునే మా అక్క ఆ వింత చూస్తూ నిలబడిపోయింది. "పూరీ పొంగినట్టు పొంగిందిరా!" అంది.

అక్క అన్న మాటే అసలు శాస్త్రం. ఆ విమానాన్ని చేసిన ఫోమ్ అంతా సన్నసన్నని గాలి గదులు. నేలకు గుద్దుకున్నప్పుడు ఆ గదులు నలుగుతాయే గాని పగలవు. వేడికి గోడలు మెత్తబడతాయి, లోపలి గాలి ఉబ్బుతుంది, నలిగినది తిరిగి నిండుకుంటుంది. థర్మాకోల్‌కు ఈ అదృష్టం లేదు. అది పుటుక్కున విరుగుతుంది, దానికి అతుకే గతి.

అది రేడియోతో నడిచే బుల్లి విమానం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు మీటరు పొడవు. బ్యాటరీతో కలిపి కిలో కూడా తూగదు. టెక్కలిలో ఇంటర్ చదివే కుర్రాడు ఏడాది పాటు కూడబెట్టి తెప్పించుకున్నాడు. ఎగరేసేది అక్కుపల్లి శివసాగరం బీచిలో. కొబ్బరి, జీడి తోటల మా ఉద్దానం ఒడ్డున తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రంలోకి సన్నగా వీస్తుంది. ఎండ ముదిరాక తిరగబడి సముద్రం మీది నుంచి తోసుకొస్తుంది. మధ్యలో కాసేపు ఆకు కదలదు. ఆ కాసేపే విమానానిది. ఆ రోజు వాడు అది దాటిపోయాక కూడా ఎగరేశాడు. పైగా విమానం మనకేసి వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమవుతుంది, చేతులు తడబడతాయి. అది నేరుగా వెళ్లి కొబ్బరి మట్టల్లో దూరింది. అక్కడి నుంచి జారి, ముందు ముక్కు, తర్వాత ఎడమ రెక్క నేలకు కొట్టుకున్నాయి. రెక్కలో సగం చెట్టు మీదే ఉండిపోయింది.

దింపు తీసే ఆయన చెట్టెక్కి ఆ సగాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏటి మాస్టారూ, గాలిపటమా ఇది?" అని అడిగాడు. కాదు, విమానం అన్నాను. ఆయన ముక్కలన్నీ తిప్పి తిప్పి చూసి, "అయితే బాగయిపోద్ది లెండి. సెట్టయితే అవదు గాని" అన్నాడు.

ఆ మాట వినగానే ఉద్దానంలో పుట్టిన ఎవరికైనా 2018 గుర్తుకొస్తుంది. ఆ ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు వచ్చినప్పుడు 165. తెల్లారి చూస్తే తోటలు తోటలే పడుకుని ఉన్నాయి. కొబ్బరిచెట్టుకు ప్రాణమంతా ఒక్క మొవ్వులో ఉంటుంది. మొవ్వు విరిగితే ఎంత పొడవు మాను నిలబడి ఉన్నా లాభం లేదు, కొత్త మొక్క పెట్టి ఏళ్లకు ఏళ్లు ఎదురుచూడాలి. జీడి అలా కాదు. కొమ్మ విరిగినా మొదలు బతికుంటే పక్కనుంచి చిగురేస్తుంది. ఏది బాగవుతుందో, ఏది మార్చాల్సిందో మా వాళ్లు చెట్ల దగ్గర నేర్చుకున్నారు. ఆ రోజు చాప పరిచి విమానం ముక్కలు పేర్చుకుని కూర్చున్నప్పుడు మేము మొదట అడగాల్సిందీ అదే.

ప్రొపెల్లర్ అంచున గోరంత పగులు ఉంది. వాడు జిగురు పెడదామన్నాడు, నేను వద్దన్నాను. ఎనిమిది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి పదివేల చుట్లు తిరిగితే దాని కొస గంటకు సుమారు 380 కిలోమీటర్ల వేగంతో పోతుంది. తిత్లీ విసురుకు రెట్టింపు కన్నా ఎక్కువ. అతుకు ఊడి ఆ ముక్క ఎగిరితే కన్ను పోతుంది. అక్కడ పొదుపు కూడదు, కొత్తది వేయాల్సిందే. బ్యాటరీ పొట్ట కాస్త ఉబ్బింది. లిథియం బ్యాటరీ ఉబ్బిందంటే మళ్లీ ఛార్జింగు పెట్టకూడదు, నిప్పు అంటుకుంటుంది. అదీ పక్కకు పోయింది. తోకను ఆడించే బుల్లి సర్వో మోటారులో పళ్లచక్రం ఒకటి అరిగి గుండయింది. ప్లాస్టిక్ పళ్లు అవి. వాడికి దాని మీద కోపం వచ్చింది, ఇనుపవి పెడితే ఏం పోయిందని. నాకూ అప్పటికి జవాబు తెలియదు.

ఇక మిగిలింది ఎడమ రెక్క. అసలు పని అక్కడే.

రెక్క అతకడం వాడికి కొత్త కాదు. అంతకుముందు చేపల పెట్టె థర్మాకోల్‌తో సొంతంగా ఒక విమానం చేశాడు. దానికి క్షణంలో అంటుకునే జిగురు రాస్తే అతకడం మాట అటుంచి, థర్మాకోల్‌నే తినేసింది. చూస్తుండగానే రెక్క మధ్యలో గుంట పడి, అంచులు నురగలా కరిగిపోయాయి. అందుకని ఈసారి రెండు ట్యూబుల జిగురు తెచ్చాడు. రెండింటినీ సమానంగా పిండి, అట్టముక్క మీద ఐస్ పుల్లతో కలిపాడు. విరిగిన చోట నాలుగు మిల్లీమీటర్ల కార్బన్ పుల్లను జానెడు ముక్క కోసి గుచ్చాడు. చుట్టూ జిగురు దండిగా పట్టించి, పైన టేపు మీద టేపు వేశాడు. ఆరాక ఆ అతుకు రాయిలా ఉంది. వాడి ముఖం వెలిగిపోయింది.

నాకెందుకో మనసు ఒప్పలేదు. వాణ్ణి బండెక్కించుకుని నువ్వలరేవు తీసుకెళ్లాను. అక్కడ ఒడ్డున ఫైబర్ పడవలకు మరమ్మతు చేసే ఒక పెద్దాయన నాకు తెలుసు. ఇసుకలో బోర్లా వేసిన పడవ పక్కన కూర్చుని, పగులు చుట్టూ అరగదీస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా తెల్లటి పొడి. రెక్క చేతికిస్తే కొస నుంచి కొసకు బొటనవేళ్లతో నొక్కుతూ వెళ్లాడు, డాక్టరు పొట్ట నొక్కినట్టు. అతుకు దగ్గర ఆగాడు.

"ఎవులు సేసినారు?"

"నేనే తాతా."

"గట్టిగా సేసినావురా బావూ. మరీ గట్టిగా సేసీసినావు. ఇక్కడ ఇనుములాగుంది, ఈ పక్కన ఎన్నలాగుంది. రేపు పడితే ఇక్కడ ఇరగదు. ఇదిగో, ఈ అంచుని ఇరుగుద్ది."

పడవ చూపించాడు. పగులున్నంత మేరకే దళసరిగా మ్యాట్ వేసి రెజిన్ పోస్తే మొదటి పెద్ద అలకే అతుకు పక్కన గీత పడుతుందట. అందుకే చుట్టూ జానెడు దూరం నుంచి ఏటవాలుగా అరగదీస్తాడు. చిన్న ముక్క, దాని మీద కాస్త పెద్దది, దాని మీద ఇంకా పెద్దది, ఇలా పొరలు పరుస్తాడు. అతుకు ఎక్కడ మొదలైందో పడవకు తెలియకూడదు, అదీ ఆయన లెక్క. చేయి ఆపకుండానే వాళ్ల నాన్న నాటి పడవల సంగతి ఎత్తాడు. వాటికి మేకులుండేవి కావు. పలకల అంచుల్లో బెజ్జాలు వేసి కొబ్బరితాడుతో కుట్టేవారు. ఒడ్డున అల విరిగిపడే చోట పడవ అడుగు నేలకు తగిలినప్పుడు కుట్లు కాస్త సాగి ఆ దెబ్బను మింగేవి. మేకు కొట్టిన పడవైతే పలక చీలిపోయేది. మద్రాసుకు ఓడరేవు కట్టకముందు పెద్ద ఓడల నుంచి మనుషులను, సరుకును ఒడ్డుకు చేర్చినవి ఇలాంటి కుట్టు పడవలే, వాటిని మసూలా పడవలనేవారు. కుట్లు తెగితే ఆ సాయంత్రమే మళ్లీ కుట్టుకునేవారు. చెక్క మాత్రం నిలిచేది.

ఇంటికొచ్చే దారిలో వాడు ఉన్నట్టుండి నా భుజం తట్టాడు. "మావయ్యా, సర్వోలో ప్లాస్టిక్ పళ్లు అందుకేనేమో" అన్నాడు. పళ్లు అరిగిపోబట్టే లోపలి మోటారు, తోక రెండూ బతికాయి. అప్పుడు బండి ఆపాలనిపించింది. ఎవరూ చెప్పకుండా వాడికి అందిన మాట అది.

మళ్లీ మొదటికొచ్చాం. గట్టి అతుకును బ్లేడుతో కోసి తీసేశాం. ఈసారి సన్నటి పుల్లను రెక్క అడుగున పొడవునా గాడి తీసి కూర్చాం. కొసల దగ్గర వెదురు పేళ్లను చీపురు ఈనె మొనలా చెక్కి, పుల్ల బలం ఒక్కసారిగా ఆగిపోకుండా సన్నగిల్లేటట్టు చేశాం. జిగురు గోటితో గీస్తే తెలిసేంత పలచగా పూశాం. రెక్క అంచున ఊడిపోయిన ముక్కకు చేపల పెట్టె థర్మాకోల్ పనికొచ్చింది. గరుకు కాగితంతో రుద్దుతుంటే ఇల్లంతా ఎండుచేపల వాసన. ఎడమ రెక్కకు పుల్ల పెట్టాం గనుక, దెబ్బ తగలకపోయినా కుడిదానికీ అంతే పొడవు పుల్ల పెట్టాం. వాడు దండగ అన్నాడు గాని, టెక్కలి పక్కన తేలినీలాపురంలో ఏటా చింతచెట్ల మీద దిగే గూడబాతుల ధర్మమూ ఇదే. ఈకలు మార్చుకునే కాలంలో కుడి రెక్కలో ఒకటి రాలితే, ఎడమ రెక్కలో దాని జోడు కూడా ఇంచుమించు అప్పుడే రాలుతుంది. ఎగరడం మానుకోనక్కర్లేకుండా రెక్కలు కొత్తవవుతాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు రెక్కను ఒంటికి బిగించే చోట చేశాం. అంతకుముందు రెండు మరలు ఉండేవి. వాటిని తీసేసి ఒంట్లోంచి అడ్డంగా రెండు వెదురు పుల్లలు దూర్చాం. పాత సైకిల్ ట్యూబును ఉంగరాల్లా కోసి, ఆ పుల్లల మీద నుంచి రెక్కను కట్టాం.

ఆ పైన తూకం. రెక్క ముందంచు నుంచి వెనక్కి, వెడల్పులో నాలుగో వంతుకు, మూడో వంతుకు మధ్య ఒక చోటుంటుంది. అక్కడ రెండు వేళ్ల మీద ఎత్తితే విమానం అటూ ఇటూ వాలకుండా నిలవాలి. మాది తోక మీదికి కూర్చుంది. తోక వైపు చేరిన జిగురు 4 గ్రాములుంటుందేమో. కానీ తోక దూరం, ముక్కు దగ్గర. ఆ నాలుగుకు ముక్కులో పది గ్రాములు పెట్టాల్సి వచ్చింది. పెద్దాయన ఇచ్చిన వల సీసం గుళ్లను కత్తిరించి, ఒక్కో ముక్కా టేపుతో అంటిస్తూ నిలబెట్టాం. మరమ్మతులో నాకు మహా ఇష్టమైన ఘడియ ఇది. చేసిన పనంతా రెండు వేలికొసల మీద తేలిపోతుంది.

మోటారు గరగరమంటుంటే విప్పి చూశాం. అయస్కాంతాల నిండా నల్లటి నూగు. భావనపాడు నుంచి ఇటు మా ఒడ్డంతా ఇసుకలో ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలు కలిసి ఉంటాయి. కెరటం వెనక్కి పోయినప్పుడు చారలు చారలుగా కనిపించే నల్ల ఇసుక అదే. ఊదితే పోలేదు. టేపు ముక్కను వేలికి తిప్పి చుట్టి, అద్ది అద్ది తీశాం. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్‌ను కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు మార్చి, సోల్డర్ చేసి పెట్టాడు. డబ్బులు వద్దన్నాడు, ఎగరేసేటప్పుడు పిలవమన్నాడు.

పిలిచాం. ఆదివారం, సూర్యుడు సముద్రంలోంచి ఇంకా పూర్తిగా పైకి రాలేదు. విమానం నాలుగు చుట్లు బాగా తిరిగింది. అయిదో చుట్టులో దింపబోతే, తడి ఇసుక మీద ఎత్తు తప్పుగా అంచనా వేశాడు. ముక్కు నేలను తాకింది, విమానం పల్టీ కొట్టింది. ముగ్గురం పరుగెత్తాం. రెక్క ఒంటి నుంచి ఊడి మూడడుగుల దూరంలో, ఎవరో తీసి పెట్టినట్టు వెల్లకిలా పడి ఉంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కొస నుంచి కొసకు బొటనవేళ్లతో నొక్కుతూ వెళ్లాడు. అతుకు దగ్గర ఆగాడు, ఆ పక్కన ఆగాడు, చివరి దాకా వెళ్లాడు. ఏమీ కాలేదు. ఒక ట్యూబు ఉంగరం తెగింది, ఇంకోటి కనబడలేదు.

కెరటం వచ్చేలోగా ముగ్గురం వంగి, ఇసుకలో దాని కోసం వెతకడం మొదలుపెట్టాం.