ఒక్క గంతు దూరం

మా సాంఘికశాస్త్రం పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. వీపు మీద వెదురు చట్రం, అందులో పేర్చిన గ్రంథాల చుట్టలు, నెత్తి మీదికి వంగిన గొడుగు, ఒక అడుగు ముందుకు వేసిన మనిషి. కింద ‘హుయాన్‌త్సాంగ్, చైనా యాత్రికుడు’ అని ఉండేది. హర్షుడి కాలంలో వచ్చాడు, నలందాలో చదువుకున్నాడు. పరీక్షకు అంతవరకు తెలిస్తే చాలు. కానీ ఆ బొమ్మలోని నడక మాత్రం నన్ను వదల్లేదు. తూర్పు ఆసియా మొత్తం తరతరాలుగా చెప్పుకుంటున్న మహాద్భుత సాహసగాథ ఆ నడక మీదే అల్లుకుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆర్థర్ వేలీ 1942లో ఇంగ్లీషులోకి కుదించి తెచ్చిన ‘మంకీ’ అప్పుడు చేతికొచ్చింది.

ఆ గాథ చైనా పేరు ‘శీ యూ జీ’. అంటే పడమటి యాత్ర. నూరు అధ్యాయాలు. 1592లో నాన్‌జింగ్‌లో అచ్చయింది. రాసింది వూ చెంగెన్ అంటారు. చైనావాళ్ళకు బుద్ధుడి దేశం పడమర. రాక్షసుల గుహలు, మంటల కొండలు దాటుకుని ఆ కథలోని వాళ్ళు చేరాలనుకున్న చోటు మన దేశమే.

కథకు ప్రాణం సున్ వూకోంగ్ అనే కోతి. రాతిలోంచి పుట్టాడు. పూలూ పళ్ళూ విరగకాసే కొండ మీద కోతులకు రాజయ్యాడు. చావును తప్పించుకోవాలని గురువును వెతుక్కుంటూ వెళ్ళి 72 రూపాలు మార్చే విద్య నేర్చాడు. తూర్పు సముద్రపు నాగరాజు దగ్గర 13,500 జిన్‌ల బరువున్న ఇనుప దండం సంపాదించాడు. కావాలంటే అది ఆకాశమంత అవుతుంది, పనయ్యాక చెవిలో దాచుకునే సూదంత అవుతుంది. స్వర్గంలో పీచ్ పళ్ళ తోటకు కాపలా పెడితే పళ్ళు మెక్కాడు, విందుకు దాచిన సారా తాగాడు, అమరత్వపు గుళికలు మింగాడు. ‘అసలే కోతి, ఆపైన కల్లు తాగింది’ అన్న మన సామెతకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఎక్కడా దొరకదు. స్వర్గసేనలు ఓడిపోయాక బుద్ధుడే వచ్చి, నా అరచేయి దాటి దూకు చూద్దాం అన్నాడు. వూకోంగ్ దూకాడు. లోకం అంచున అయిదు స్తంభాలు కనిపిస్తే నడిమిదాని మీద తన పేరు రాసి వచ్చాడు. తీరా చూస్తే అది బుద్ధుడి వేలు. ఆ చేయే కొండై 500 ఏళ్ళు అతణ్ణి అణిచిపెట్టింది. గ్రంథాల కోసం బయల్దేరిన యతి, అంటే కథలోని హుయాన్‌త్సాంగ్, వచ్చి విడిపించేదాకా అలా పడి ఉన్నాడు.

వూకోంగ్ ఒక్క గంతు వేస్తే 1,08,000 లీల దూరం దాటుతాడు. లీ అంటే చైనావాళ్ళ దూరపు కొలత. చైనా రాజధాని నుంచి బుద్ధుడున్న చోటికి కథలో చెప్పిన దూరం కూడా సరిగ్గా 1,08,000 లీలే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజున ఆ నవల నాకు అర్థమైంది. ఒక్క గంతులో చేరగలిగినవాడు పద్నాలుగేళ్ళు ఒక యతి గుర్రం పక్కన కాలినడకన నడిచాడు. పందిమొహం శిష్యుడు చు బాజియె మధ్యలో ఒకసారి అడుగుతాడు కూడా: గురువుగారిని వీపున వేసుకుని ఎగిరిపోవచ్చు కదా అని. వూకోంగ్ జవాబు సారాంశం ఇది: మనిషి దేహం మనం మోయలేనంత బరువు, మనం ముందే వెళ్ళి అడిగినా ఆ గ్రంథాలు మన చేతికి ఇవ్వరు, తేలిగ్గా దొరికినదానికి విలువ ఉండదు.

మన ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడనే యతి, పశువులు కాసుకునే ఒక కుర్రవాడు కాశీకి నడుస్తారు. మజిలీకో కథ. ఆ కుర్రవాడు ఎగిరి వెళ్తే కాశీ దొరికేదేమో, కథలు మాత్రం దొరికేవి కావు. పడమటి యాత్రలోని 81 గండాలూ అలాంటి మజిలీలే. ఒక్కో గండం దగ్గర ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్చుకుంటారు. అద్భుత కథలకు బలం మాయల్లో ఉందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఈ నవల చదివాక, మాయ తెలిసినవాడు కూడా నడవక తప్పని చోటే ఆ బలం ఉందని నమ్ముతున్నాను.

ఇక అసలు నడిచిన మనిషి సంగతి. నవలలో చక్రవర్తి ఆ యతిని తమ్ముడని పిలిచి ఘనంగా సాగనంపుతాడు. చరిత్రలో హుయాన్‌త్సాంగ్ 629 ప్రాంతంలో, సరిహద్దు దాటకూడదన్న ఆజ్ఞను కాదని రహస్యంగా బయల్దేరాడు. దారి చూపిస్తానన్నవాడు రాత్రి కత్తి దూశాడు, తర్వాత వదిలి వెళ్ళిపోయాడు. గోబీ ఎడారిలో నీళ్ళతిత్తి చేయి జారి ఒలికిపోయింది. నీళ్ళ కోసం కొంత దూరం వెనక్కి మళ్ళాడు. భారతదేశం చేరేదాకా తూర్పుకు అడుగు వేయనన్న ప్రతిజ్ఞ గుర్తొచ్చి మళ్ళీ పడమటికే గుర్రాన్ని తిప్పాడు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు చుక్క నీరు లేదు. చివరికి దారి ఎరిగిన ఆ ముసలి గుర్రమే ఒక నీటిగుంట దగ్గరికి చేర్చింది.

ఇంత ధీరుణ్ణి నవల పిరికివాడిగా, మాటిమాటికీ కంటతడి పెట్టేవాడిగా మార్చింది. మొదట నాకు కష్టంగా తోచింది. తర్వాత మరోలా చూశాను. బౌద్ధులు మనసును కోతితోనూ, సంకల్పాన్ని గుర్రంతోనూ పోలుస్తారు. నవలలో అధ్యాయాల పేర్లే వూకోంగ్‌ను ‘మనసనే కోతి’ అంటాయి. ఒక మనిషిలోని తెగువ కోతి అయింది, ఆకలి పంది అయింది, ఓర్పు మరో శిష్యుడు షా వూజింగ్ అయింది, పట్టుదల తెల్లగుర్రం అయింది. ఎడారిలో ఒంటరిగా నడిచినవాడికి జనం తరతరాలుగా తోడు కల్పిస్తూ వచ్చారు. అది ప్రేమతో చేసిన పని. వూకోంగ్‌కు మూలం మన హనుమంతుడేనని హు షీ అనే పండితుడు 1923లో వాదించాడు, చైనా నీటికోతి కథల్లోంచి వచ్చాడని లూ షున్ అన్నాడు. ఆ తగవు తీరినా తీరకపోయినా, మనసును కోతి అనుకోవడం తెలిసిన మనకు వూకోంగ్ పరాయివాడు కాడు.

హుయాన్‌త్సాంగ్ మన నేల మీదికీ వచ్చాడు. వేంగి చూశాడు. కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర శాస్త్రం చదువుకున్నాడు. విహారాలు చాలావరకు పాడుబడ్డాయని రాసుకున్నాడు. అక్కడే ఒక కథ విన్నాడు. భావవివేకుడనే పండితుడు రాబోయే మైత్రేయ బుద్ధుణ్ణి కళ్ళారా చూడాలనుకున్నాడు. ధాన్యకటకం దగ్గరి కొండలో ఏళ్ళ తరబడి మంత్రం జపించి, ఆవగింజలు రాతి మీద విసిరితే రాయి తెరుచుకుంది. లోపల అసురుల గుహ. అది పాముల పుట్టేమోనని జనం వెనకాడారు. ఆరుగురు మాత్రం ఆయన వెంట లోపలికి నడిచారు. రాయి మూసుకుపోయింది. పడమటి యాత్ర పుట్టడానికి తొమ్మిది వందల ఏళ్ళ ముందే, కృష్ణాతీరపు అద్భుత కథ ఒకటి ఆయన పుస్తకంలో చైనాకు ప్రయాణం కట్టింది.

తిరుగు దారిలో సింధు దాటుతుండగా పడవ ఊగి యాభై గ్రంథాల కట్టలూ, మన దేశపు పూలమొక్కల విత్తనాలూ నీటి పాలయ్యాయి. నవల చివర ఆ నష్టం మరో రూపంలో కనిపిస్తుంది. నది దాటించే ముసలి తాబేలు, యతి తనకిచ్చిన మాట మరిచాడని అలిగి అందరినీ నీళ్ళలో ముంచేస్తుంది. తడిసిన గ్రంథాలు బండ మీద ఆరబెడితే కొన్ని పుటలు రాతికి అంటుకుని చిరిగిపోతాయి. ఎనభై ఒకటో గండం అదే. ఇన్నేళ్ళు నడిచినా చేతికి అందింది సంపూర్ణం కాదు. దాన్ని అలాగే భద్రంగా తీసుకెళ్ళారు. అసలు యాత్రికుడు కూడా అంతే. పోయినవాటి ప్రతుల కోసం దారిలో మనుషుల్ని పంపాడు, 645లో 657 గ్రంథాలతో రాజధాని చేరాడు, 664లో కన్నుమూసేదాకా వాటిని అనువదిస్తూనే ఉన్నాడు.

ఈ రోజు మా మనవడి చొక్కా మీద గోకు బొమ్మ ఉంది. 1984లో జపాన్‌లో అకీరా తొరియామా మొదలుపెట్టిన ‘డ్రాగన్ బాల్’ నాయకుడి పేరు సున్ వూకోంగ్‌కు జపాన్ ఉచ్చారణే. 2024లో వచ్చిన ఒక వీడియో గేమ్‌లోనూ వూకోంగే. పిల్లలు ఆ కోతిని ఎలాగూ ప్రేమిస్తారు. మీ ఇంట్లోనూ గోకు ఉంటే, అతని గంతుల వెనక నిజంగా నడిచిన ఒక మనిషి ఉన్నాడని పిల్లలకు చెప్పండి. వీలైతే అమరావతి తీసుకెళ్ళి ఆ స్తూపం ఉన్న చోట కాసేపు నిలబెట్టండి. ఆ యాత్రికుడు చదువుకున్న ధాన్యకటకం ఆ నేలే.